ఆరు కొమ్ముల సితారా ఎవరిది?

రియాద్‌లో నౌకరీ చేస్తున్న మా ఖాలా కొడుకు సెలవులకొస్తూ ఓ కంచు బిళ్ల తెచ్చాడు. తనతో పనిచేసే మొరాకో మనిషి తోఫాగా ఇచ్చాడట. ఒకవైపు ఆరు కొమ్ముల సితారా, రెండోవైపు 1288. ఫోటో ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో పడింది. ఇక చూడండి తమాషా!

‘ఏడొందల ఏళ్లు దాటిన సిక్కా, లక్షలొస్తాయి’ అని కుర్రాళ్లు. ‘అది యహూదీల నిషానీ, ఇంట్లో ఉంచకు, మూసీలో పారేయ్’ అని బడే అబ్బా.

రెండూ గలత్ మాటలే.

ముందు తారీఖు సంగతి. అది ఈస్వీ సన్ కాదు, హిజ్రీ. చాంద్ లెక్క కాబట్టి హిజ్రీ సాలు చిన్నది. 1288లో నూటికి మూడు చొప్పున 39 తీసేసి, 622 కలపండి. 1871 వస్తుంది. అంటే సుల్తాన్ నాలుగో ముహమ్మద్ మొరాకోని ఏలిన కాలం. కుర్రాళ్ల లెక్క దాదాపు ఆరొందల ఏళ్లు తప్పింది.

ఉర్దూ మీడియంలో చదివిన నాకూ మొదట షక్ వచ్చింది. ముస్లిం సుల్తాన్ సిక్కా మీద మన ఉర్దూ అంకెలుండాలి కదా, ఇంగ్లిష్ అంకెలెందుకున్నాయని. కానీ అరబ్బు లోకపు పడమటి దిక్కున, మగ్రిబ్‌లో, వాడుకలో ఉన్నవి అవే. యూరప్ వాళ్లు వాటిని అరబీ అంకెలనే అంటారు. మనమే ఇంగ్లిషోళ్ల ఖాతాలో రాసేశాం.

ఇంకో సబూత్ అంచున ఉంది. ఈ ‘ఫలూస్’ అచ్చు కొట్టినవి కావు, పోత పోసినవి. గుత్తిలా ఒకదానికొకటి అతుక్కుని వస్తే విడగొట్టేవాళ్లు. ఆ విరిచిన చోట మొన మిగిలేది. ఇలాంటివి కుప్పలుగా పోశారు కాబట్టి లక్షల ఖ్వాబ్ వదిలేయాలి.

ఇక సితారా. మనవాళ్లు దాన్ని హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం ముద్రగా, ఖాతమ్-ఎ-సులైమానీగా ఎన్నో సదీలు చెక్కుకున్నారు. ఢిల్లీలో హుమాయూన్ మఖ్బరా కమాన్ల మీద చూడండి. యహూదీలూ, ఈసాయీలూ వాడుకున్నారు. అది ఇజ్రాయెల్ జెండా మీదికెక్కింది 1948లోనే. మన సిక్కా అంతకు 77 ఏళ్లు పెద్దది.

పాలస్తీనా మీద బడే అబ్బా దర్ద్ నాకూ ఉంది. కానీ ఇవాళ్టి గుస్సాతో నిన్నటి వస్తువుని చదివితే, మన బుజుర్గులు చెక్కిన నిషానీని మనమే పరాయిది చేసి పారేస్తాం. ఈ మధ్య మన ఇమారతుల మీద గుర్తుల్ని తమకు నచ్చినట్టు చదివి ‘ఇది మాది’ అంటున్నవాళ్లు తక్కువేం లేరు. వాళ్లని సబూత్ అడిగే మనం, మన ఇంట్లో కూడా అడగాలి కదా?

ఇదంతా ఉర్దూలో రాసి బడే అబ్బాకి పంపాను. గంట తర్వాత జవాబు: ‘జుమ్మా నమాజ్ అయ్యాక ఆ సిక్కా తీసుకురమ్మను. అద్దం పెట్టి చూస్తా.’