వీసా వచ్చింది సరే, తలదాచుకునే చోటేదీ?

2025 సెప్టెంబరులో ఒక తెల్లవారుజామున మూడున్నరకి మా ఇంట్లో ఫోను మోగింది. ఆ వేళప్పుడు ఫోనంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. తీశాను. లండన్ నుంచి మా చెల్లెలి కూతురు.

"పెద్దమ్మా, అమ్మకి చెప్పకు. నాన్నకి అసలే చెప్పకు. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలో తెలీడం లేదు" అంది.

అది అక్కడ దిగి ఆరు గంటలే అయింది. వాట్సాప్‌లో ఫొటోలు చూసి, నెల అద్దె నాలుగు వందల పౌండ్లు, అడ్వాన్సు మరో నాలుగు వందలు ముందే పంపి, ఈస్ట్ హామ్‌లో ఒక గదిలో మంచం మాట్లాడుకుంది. తీరా వెళితే ఆ గదిలో అప్పటికే నలుగురు అమ్మాయిలున్నారు. ఖాళీ చేస్తానన్న పిల్ల ఖాళీ చెయ్యలేదు. "నాలుగు రోజులు హాల్లో సర్దుకో" అన్నాడట డబ్బు తీసుకున్నతను. ఆ హాల్లోంచే పక్క గదిలో ఉండే మగపిల్లలు వస్తూ పోతూ ఉంటారు. ఇది రెండు సూట్‌కేసులతో బయటికొచ్చి వీధిలో నిలబడింది.

నాతో పనిచేసిన ఒకావిడ కొడుకు ఇల్ఫర్డ్‌లో ఉంటాడు. అతన్ని నిద్రలేపి బతిమాలాను. మా పిల్ల వాళ్లింట్లో సోఫా మీద పదకొండు రోజులు పడుకుంది.

ఈ సంగతి రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది.

28 రోజుల ముచ్చట

నేను ముప్పై ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. బ్రిటన్ విద్యార్థి వీసా కోసం ఖాతాల్లోకి డబ్బు రావడం, నెల తిరక్కుండా వెళ్లిపోవడం కౌంటర్‌లో కూర్చుని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు.

ఆ దేశం నిబంధన ఏమిటంటే, మొదటి ఏడాది ఫీజులో కట్టాల్సిన బాకీతో పాటు తొమ్మిది నెలల ఖర్చుకి సరిపడా డబ్బు విద్యార్థి పేరనో, తల్లిదండ్రుల పేరనో వరసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. మధ్యలో ఒక్కరోజు కూడా తగ్గకూడదు. మా పిల్ల వెళ్లినప్పుడు లండన్‌లో చదివేవాళ్లకి నెలకి 1,483 పౌండ్ల చొప్పున 13,347 పౌండ్లు చూపించాలి. మన డబ్బుల్లో పదిహేను లక్షల పైమాటే. 2025 నవంబరు 11 నుంచి అది నెలకి 1,529 పౌండ్లయింది. లండన్ బయట చదివేవాళ్లకి 1,171.

మా చెల్లెలిది గుంటూరు. మా మరిది ఇల్లు తాకట్టు పెట్టి ఫీజుకి బ్యాంకు లోను తెచ్చాడు. ఖర్చుల డబ్బు దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశాడు. "దానికేముందండీ, మేం చూపిస్తాం" అన్నారు కన్సల్టెన్సీ వాళ్లు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఎవరో ఫైనాన్షియరు డబ్బు మా మరిది ఖాతాలో వేశాడు, పని కాగానే తీసుకుపోయాడు. ఆ ముచ్చటకి దాదాపు నలభై ఏడు వేలు ఖర్చు.

"వదినా, తేదీలు సరిగ్గా ఉన్నాయా? మీరోసారి చూడండి" అని మా మరిది స్టేట్‌మెంటు తెచ్చాడు. నేను కళ్లజోడు పెట్టుకుని 28 రోజులూ వేళ్ల మీద లెక్కపెట్టి "సరిపోయాయి" అన్నాను. అంతే తప్ప "మరి ఈ డబ్బు వెళ్లిపోయాక పిల్ల అద్దె దేంతో కడుతుంది?" అని అడగలేదు. బ్యాంకులో అన్నేళ్లు పనిచేసినదాన్ని, నాకే తట్టలేదు. కాదు, తట్టింది. శుభమా అని వెళ్తుంటే ఆ మాట ఎందుకులే అనుకున్నాను.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. వీసా వాళ్లు అడిగే ఆ డబ్బు మనల్ని ఏడిపించడానికి పెట్టిన అడ్డంకి అని మనం అనుకుంటాం. ఎలాగో ఒకలా దాటేస్తే చాలనుకుంటాం. కానీ అందులో పెద్ద భాగం ఇంటి అద్దే. ఆ నగరంలో ఒక మనిషి తిని, తిరిగి, ఒక కప్పు కింద పడుకోవడానికి నెలకి ఇంత కావాలని వాళ్ల ప్రభుత్వం వేసిన లెక్క అది. ఆ డబ్బు నిజంగా విద్యార్థి వాడుకోవడానికే ఉండాలన్నది కూడా నిబంధనే. దొంగ కాగితాలు పెట్టి పట్టుబడితే పదేళ్ల వరకు ఆ దేశం గడప తొక్కనివ్వరు. పట్టుబడకపోయినా శిక్ష తప్పదు. కాకపోతే అది పడేది దిగిన రోజు రాత్రి, పిల్ల మీద.

పార్ట్‌టైం లెక్క

"వెళ్లాక పార్ట్‌టైం చేసుకుంటుంది, అద్దె అదే వెళ్లిపోతుంది" అంటారు. నేనూ అన్నాను. పోనీ ఆ లెక్కే వేసి చూద్దాం.

డిగ్రీ, పీజీ విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకి మించి పనిచెయ్యకూడదు. మా పిల్ల వెళ్లిన 2025లో 21 ఏళ్లు నిండినవాళ్లకి అక్కడి కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లుగా ఉండేది. అంటే వారానికి 244. నెలకి అటూ ఇటూగా 1,058. దిగిన మర్నాడే ఉద్యోగం దొరికి, ఒక్క వారం కూడా పోకుండా చేసినా వచ్చేది అంతే. ప్రభుత్వం కావాలన్నది 1,483. ప్రతి నెలా నాలుగు వందల పౌండ్ల పైన బొక్క. ఇక ఉద్యోగం దొరకడానికి రెండు నెలలు పడితే ఆ రెండు నెలలూ ఏం తినాలి?

ఈ బొక్క పూడ్చుకోవడానికి పిల్లలు 20 గంటలు దాటి దొంగచాటుగా పనిచేస్తారు. అది బయటపడితే వీసాకే ఎసరు. ఆ భయం తెలిసిన యజమాని జీతం తగ్గించి ఇచ్చినా ఎవరికి చెప్పుకుంటారు?

ఇందులో ఆడపిల్లల సంగతి ఇంకొకటుంది. మొన్నమొన్నటిదాకా మన సంబంధాల్లో ఒక పద్ధతి నడిచింది. అమ్మాయి స్టూడెంటు వీసా మీద వెళ్తుంది, మొగుడు డిపెండెంటుగా వెళ్లి పూర్తికాలం ఉద్యోగం చేస్తాడు, అద్దె అతను కడతాడు. అది మంచి పద్ధతని నేను అనను. వీసా చూసి చేసిన పెళ్లిళ్లు ఎలా ఏడ్చాయో మనకి తెలుసు. అయితే 2024 జనవరి నుంచి మొదలైన కోర్సులకి ఆ దారి మూసేశారు. పరిశోధన డిగ్రీలకీ, ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల మీద వెళ్లేవాళ్లకీ తప్ప కుటుంబాన్ని తీసుకెళ్లే వీలు లేదు. ఇద్దరు మోసిన అద్దె ఇప్పుడు ఒక్క పిల్ల నెత్తిన పడింది. లెక్క మారింది. మన ఆలోచన మాత్రం మారలేదు.

హామీ ఉండేదెవరు?

డబ్బున్నా ఇల్లు దొరకదు. అక్కడ పద్ధతిగా ఇల్లు ఇచ్చేవాళ్లు హామీదారుణ్ణి అడుగుతారు. ఈ పిల్ల అద్దె కట్టకపోతే నేను కడతానని సంతకం పెట్టే మనిషి. ఆ మనిషి బ్రిటన్‌లోనే ఉండాలి, మంచి సంపాదన ఉండాలి. గుంటూరు నాన్న సంతకం అక్కడ చెల్లదు. హామీ లేకపోతే ఆరు నెలల అద్దె ఒక్కసారే కట్టమనేవాళ్లు.

2025 అక్టోబరులో అక్కడ అద్దెదారుల హక్కుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇంగ్లండ్‌లో 2026 మే 1 నుంచి మొదలయ్యే మామూలు అద్దె ఇళ్లకి ఒక నెలకి మించి అద్దె ముందుగా అడగకూడదు. విద్యార్థుల కోసమే కట్టిన పెద్ద పెద్ద హాస్టళ్లకి మాత్రం మినహాయింపులున్నాయి. ఈ చట్టం మంచిదే. కానీ ముందస్తు అద్దె దారి మూశాక, యజమాని హామీదారు ఉన్నవాళ్లనే ఏరుకుంటే మన పిల్లల గతేమిటి? హామీ అడగడం మీద నిషేధం లేదు కదా. కొన్ని యూనివర్సిటీలు తామే హామీగా నిలబడే పథకాలు పెట్టాయి. ఆ సంగతి మన కన్సల్టెన్సీల్లో ఎవరైనా చెప్పారా?

సరైన దారిలో గది దొరకనివాళ్లు మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పడతారు. అక్కడ గది ఇచ్చేది ఇంటి యజమాని కాదు. ఆ ఇంట్లో అద్దెకుంటున్న మరో మనవాడే. "మన తెలుగువాడే" అన్న ఒక్క మాట మీద కాగితం లేకుండా డబ్బు చేతులు మారుతుంది. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకి అడ్వాన్సు అయిదు వారాల అద్దెకి మించకూడదు, దాన్ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకంలో పెట్టాలి. డబ్బు తీసుకున్నవాడు అదే ఇంట్లో ఉంటే ఈ పథకం రక్షణ వర్తించదు. మా పిల్లకి జరిగిందదే. దాని నాలుగు వందల అడ్వాన్సు ఈ రోజుకీ తిరిగి రాలేదు.

వేరువేరు కుటుంబాలకి చెందిన అయిదుగురు, అంతకు మించి ఒక ఇంట్లో కలిసి ఉంటే ఆ ఇంటికి స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలి. అలాంటి ఇంట్లో ఒక మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి. అంటే ఒక మనిషికి సుమారు డెబ్బై చదరపు అడుగులు. మా పిల్ల చూసిన గది ఇద్దరికి సరిపోయేది. ఇది అయిదోది.

ఫిర్యాదు చెయ్యచ్చు కదా అంటారా? ఎవరు చేస్తారు? చేస్తే అందరూ వీధిన పడతారు. "నీవల్లే" అని తోటి పిల్లలే తిడతారు. పైగా ఆడపిల్ల. "హాల్లో పడుకోమన్నారు" అని ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది, నాన్న "వచ్చెయ్" అంటాడు, మేనత్త "మేం ముందే చెప్పాం" అంటుంది. ఇంటి మీద అప్పు, ఊళ్లో పరువు, ఈ రెంటి మధ్యా నోరు నొక్కుకుని పిల్ల సర్దుకుంటుంది. వీడియో కాల్‌లో గోడ వైపు కూర్చుని "బాగున్నానమ్మా" అంటుంది. ఆ గోడ తప్ప తక్కిన గది మనకి చూపించదు. మనమూ చూపించమని అడగం.

గడప దాటే ముందు

అమ్మాయిల్ని పంపొద్దని నేను అనడం లేదు. చచ్చినా అనను. మా రోజుల్లో పక్క ఊరి కాలేజీకే పంపలేదు. ఇవాళ ఒంటరిగా విమానమెక్కే పిల్లల్ని చూస్తే నాకు గర్వంగానే ఉంటుంది. పంపే పద్ధతి గురించే నా గోల.

అడ్మిషన్ కాగితం రాగానే యూనివర్సిటీ హాస్టల్‌కి దరఖాస్తు పెట్టించండి. వీసా వచ్చేదాకా ఆగితే గదులు అయిపోతాయి. ఫలానా తేదీలోగా అడిగితే మొదటి ఏడాది గది ఖాయమనే యూనివర్సిటీలున్నాయి. ఆ హాస్టల్‌కి ముందే కట్టిన డబ్బుని వీసాకి చూపించాల్సిన మొత్తంలోంచి ఒక పరిమితి దాకా తగ్గించుకోవచ్చు కూడా. లండనే కావాలా, చిన్న ఊళ్లో అదే చదువు ఉందా అన్నది కూడా చూడండి. చూపించాల్సిన డబ్బులోనే నెలకి 358 పౌండ్ల తేడా ఉంది.

బయట గదైతే, నమ్మకమైన మనిషి కళ్లతో చూసేదాకా పైసా పంపకండి. రాతకోతలు లేకుండా అసలే వద్దు. ఏమీ కుదరకపోతే మొదటి రెండు వారాలకి మంచి హాస్టల్‌లో గది తీసి, పిల్ల అక్కడ దిగాక తిరిగి వెతుక్కునేలా చూడండి. అన్నిటికన్నా ముఖ్యం, కనీసం మూడు నెలల అద్దె మీ సొంత డబ్బు, వడ్డీ లేని డబ్బు, పిల్ల చేతిలో ఉండాలి. అది లేదంటే ప్రయాణం ఇంకో ఆరు నెలలు వెనక్కి జరపండి. జనవరిలో మొదలయ్యే కోర్సులు కూడా ఉంటాయి. ఆర్నెల్లు ఆగితే కొంప మునగదు.

మా పిల్లకి చివరికి రాతపూర్వకంగానే ఒక చోట దొరికింది. ఇద్దరమ్మాయిలుండే గది. కాలేజీకి గంటంపావు ప్రయాణం. దాని సంగతంతా నేనే మా చెల్లెలికి చెప్పేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి "అక్కా, నా గాజులు అమ్మేస్తాను, ఎంతొస్తుందో కనుక్కో" అంది. ఆ డబ్బుతోనే తర్వాతి నెల అద్దె వెళ్లింది.

పిల్లని అత్తారింటికి పంపేటప్పుడు ఇల్లు ఎలాంటిది, ఎన్ని గదులు, నీళ్ల సౌకర్యముందా అని పదిసార్లు వాకబు చేస్తాం. వేల మైళ్ల దూరం ఒంటరిగా పంపేటప్పుడు "వీసా వచ్చిందా?" అని ఒక్కటే అడిగి స్వీట్లు పంచుతాం. ఈసారి మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఎవరైనా స్వీటు పెడితే తీసుకోండి. "మొదటి రోజు రాత్రి అమ్మాయి ఎక్కడ పడుకుంటుంది?" అని కూడా అడగండి. శుభమా అని వెళ్తుంటే ఇదేం మాట అని ముఖం చిట్లించినా సరే, అడగండి. నేను అడగలేదు.