కుక్కపిల్ల అన్నం ముట్టడం లేదు

ప్రశ్న: మాది అల్లూరు దగ్గర పల్లె. మావారు రొయ్యల గుంటల కాడ పని చేస్తారు. అక్కడి కావలి కుక్క పెట్టిన పిల్లల్లో ఒకదాన్ని రెండు రోజుల క్రితం ఇంటికి తెచ్చారు. దాని వయసు నెల పది రోజులు ఉంటుందేమో. గేదెపాలు పోస్తే మూతి పెట్టి వదిలేస్తోంది. పులుసన్నం వాసన చూసి వెళ్ళిపోతోంది. రాత్రంతా ఒకటే ఏడుపు. వెల్లుల్లి రసం పొయ్యమని మా అత్తగారు అంటున్నారు. ఎనిమిదేళ్ళ మా అబ్బాయి దాని నోట్లో వేలు పెట్టి అన్నం కుక్కుతున్నాడు. నిన్న పన్ను గీరుకుని కాస్త రక్తం వచ్చింది. పసుపు అద్దాను. పిల్ల బతకడానికి ఏం చెయ్యాలి?

జవాబు: మీరు అడిగింది కుక్కపిల్ల సంగతి. ముందు మీ అబ్బాయి సంగతి చెప్పాలి. పత్రిక చేతికందేదాకా ఆగే విషయం కాదు కనుక మీకు విడిగా జాబు వేశాను. ఇదే అవస్థలో ఉన్న మిగతావారి కోసం ఇక్కడ మళ్ళీ రాస్తున్నాను.

పాలపళ్ళ పిల్ల కదా, దానికి పిచ్చి ఎక్కడిదనుకోకండి. తల్లికి టీకా వేయించారో లేదో తెలియనప్పుడు, పిల్ల కరిచినా గీరినా పెద్దకుక్క కరిచినట్టే లెక్క. గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కారం, కాఫీపొడి ఏదీ పెట్టకూడదు. ఒకరోజు గడిచిపోయినా సరే, కడిగి, ఆ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు పొడిచే రోజులు పోయాయి. ఇప్పుడు చేతికే, నాలుగైదు విడతలుగా వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే గాయంలోనే ఇంకో మందు కూడా ఎక్కించాలి. ఆ మాట డాక్టరుగారికి తప్పక చెప్పండి. కుక్కపిల్లను పదిరోజులు కనిపెట్టి చూడాల్సిందే. అలాగని టీకా మొదలుపెట్టడం మాత్రం ఆపకూడదు. పిచ్చికుక్క రోగం లక్షణాలు మనిషిలో కనబడ్డాక నయం చేసే మందు లేదు.

ఇక కుక్కపిల్ల మాట. తల్లి దగ్గర ఎనిమిది వారాలు ఉండాల్సిన పిల్ల అది. తోబుట్టువుల వెచ్చదనం, తల్లి వాసన ఒక్కసారిగా పోయాయి. మొదటిరోజు బెంగతో సరిగా తినకపోవడం వింత కాదు. వీలుంటే దాన్ని ఇంకో రెండు మూడు వారాలు తల్లి దగ్గరే ఉంచడం అన్నిటికన్నా మంచిది. వీలుకాకపోతే, తల్లి పడుకున్న గోనెపట్టా ముక్క ఒకటి తెప్పించి పక్కలో వెయ్యండి. సీసాలో గోరువెచ్చని నీళ్ళు పోసి, గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఒళ్ళు చల్లబడిన పిల్లకు తిండి అరగదు. ముందు వెచ్చబరచి, తరువాతే తినిపించాలి.

గేదెపాలూ ఆవుపాలూ దానికి సరిపడవు. వాటిలో పాలచక్కెర ఎక్కువ. కుక్కపిల్ల కడుపు దాన్ని అరిగించుకోలేక విరేచనాలు పట్టుకుంటాయి. మన చేపలపులుసులో చింతపండు, కారం, ఉల్లి ఉంటాయి. ఎండుచేపలో ఉప్పు చెప్పనక్కరలేదు. ఇవేవీ పెట్టకండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క నెత్తురులోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి కనుక అత్తగారి వైద్యం వద్దని నెమ్మదిగా చెప్పండి. మెత్తగా ఉడికిన అన్నంలో, ఉప్పు లేకుండా ఉడికించి ముళ్ళు తీసిన చేప గానీ ఎముక లేని కోడిమాంసం గానీ మెదిపి, గోరువెచ్చగా, పల్లెపు పళ్ళెంలో పెట్టండి. కొంచెం కొంచెంగా రోజుకు నాలుగైదుసార్లు చాలు. పది నిమిషాల్లో తినకపోతే తీసేసి, మళ్ళీ కాసేపటికి తాజాగా పెట్టండి. నోట్లో కుక్కవద్దు. మెతుకు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం.

బెంగకూ జబ్బుకూ తేడా ఎలా తెలుస్తుంది? బెంగ పెట్టుకున్న పిల్ల ఏడుస్తుంది, తిరుగుతుంది, నీళ్ళు తాగుతుంది, పిలిస్తే తోక ఆడిస్తుంది. జబ్బుపిల్ల మూల చేరి ముడుచుకుంటుంది. ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా పశువైద్యశాలకు పరుగెత్తండి.

వాంతులు, దుర్వాసనతో నెత్తురు విరేచనాలు ఉంటే పార్వో అని అనుమానించాలి. 1978లో తొలిసారి గుర్తించిన ఈ వైరస్‌ను చంపే మందు లేదు. సమయానికి సెలైన్ ఎక్కిస్తేనే ప్రాణం నిలుస్తుంది. ఇక్కడ గంటలు కూడా లెక్కే.

చిగుళ్ళు తెల్లబడి, పొట్ట ఉబ్బి ఉంటే పురుగులు. కొంకిపురుగు నెత్తురు తాగుతుంది. మన సముద్రపు ఒడ్డు తడి ఇసుకనేల దాని పిల్లపురుగులకు అనుకూలం. పిల్లలను ఆ దొడ్లో చెప్పులు లేకుండా తిరగనివ్వకండి. మందు మోతాదు కుక్కపిల్ల బరువును బట్టి ఉంటుంది. అంచనాతో పొయ్యకండి.

తూలుతూ, వణుకుతూ సోలిపోతే నెత్తురులో చక్కెర పడిపోయిందన్నమాట. తెలివిలో ఉండి మింగగలిగితేనే, సూది లేని సిరంజితో దవడ పక్కగా చక్కెరనీళ్ళు చుక్కలు చుక్కలుగా వేసి, వెంటనే బయలుదేరండి.

చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారి, కనబడిందల్లా కొరుకుతుంటే గొంతులో ముల్లు ఇరుక్కుందేమోనని చెయ్యి పెట్టకండి. గదిలో ఉంచి తలుపు వేసి, డాక్టరుకు కబురు చెయ్యండి.

ఏ లక్షణమూ లేకపోయినా, రెండు నెలలు నిండని పిల్ల ఒక పగలంతా ఏమీ ముట్టకపోతే డాక్టరుకు చూపించాల్సిందే. మీది ఇప్పటికే రెండు రోజులు దాటింది. మనుషుల జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ముక్క కూడా వెయ్యకండి.

కోలుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో తదితర టీకాలు మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా విడతలుగా వేయించాలి. మూడో నెలలో పిచ్చికుక్క రోగం టీకా. 1885 జూలై 6న పాశ్చర్ ఒక తొమ్మిదేళ్ళ బాలుడికి ఆ రోగానికి తొలి టీకా వేయించాడు. దానికి గుర్తుగా ఏటా జూలై 6న మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తారు. ఆ తేదీ గోడ క్యాలెండరు మీద రాసిపెట్టుకోండి.

మీ అబ్బాయిని కోప్పడకండి. ఆకలిగా ఉందని జాలిపడి చేసిన పని అది. పళ్ళెం పెట్టడం, పక్కన కూర్చోవడం వాడికే అప్పగించండి. వేలు మాత్రం నోటికి దూరంగా ఉంచమనండి.