గుల్ల నేలకు మార్కు

హోసూరు ప్రాంతంలోని మా బడిలో, అయిదో తరగతి ఇంగ్లిషు పాఠంలో 'లూస్ సాయిల్' అన్న మాట వచ్చింది. తెలుగులో రాయమంటే ఒక రైతుబిడ్డ 'గుల్ల నేల' అని రాశాడు. మేం ఎర్రసిరాతో కొట్టేసి 'వదులు మట్టి' అని దిద్దాం. మేమే తయారుచేసి గోడకు అంటించిన పదాల పట్టికలో 'లూస్' ఎదురుగా 'వదులు' అనే ఉంది మరి! "మా తాత గుల్ల అనే అంటాడు సార్" అన్నాడు వాడు. సాయంత్రం దున్నిన చేని పక్కగా ఇంటికి పోతుంటేగానీ మా పొరపాటు మాకు తట్టలేదు.

ఇంగ్లిషువాళ్లకు అన్నిటికీ అదొక్కటే మాట. మనం వస్తువును బట్టి మాట మారుస్తాం. చొక్కా వదులు, మర వదులు, అంతవరకు సరే. నులక మంచం సడలుతుంది. పాలపన్ను ఊగుతుంది. జుట్టు విరబోసుకుంటారు. నూనె విడిగా కొంటాం. దూడ కట్టు తెంచుకుంటుంది. అనరాని మాట అంటే నోరు జారామంటాం. ఇప్పుడు పిల్లల నోట వీటిలో సగానికి పైగా 'లూజే'. వాళ్లను అనడమెందుకు, స్టాఫ్‌రూంలో స్విచ్చు మొదలు చెప్పు దాకా మాకూ లూజే.

ఇంగ్లిషులో ఆ మాట చివర పలికేది 'స'. 'జ' పలికితే పోగొట్టుకోవడమని అర్థం. ఉచ్చారణలో తమిళులే నయం, 'లూసు' అంటారు. కాకపోతే వాళ్లకది పిచ్చివాడు. మా పిల్లలు ఆటస్థలంలో తిట్టుకునేదీ దానితోనే.

తమిళనాడులో 2006 నాటి చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఇరుగుపొరుగు భాష నేర్చుకోవడం మాకు బరువు కాదు. తెలుగుకు దక్కిన పీరియడ్లలో మాటకు మాట పట్టికలు బట్టీ పట్టించడమే తప్పు. ఒంటరి మాట ఇవ్వకుండా నేల, పన్ను, ముడి అని వస్తువుతో కలిపి అడగాలి. ఇంట్లో ఏమంటారో రాసుకురమ్మనాలి. పుస్తకంలో లేదని ఇంటి మాటను కొట్టేయకూడదు. తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఇదే.

గుల్ల నేలకు మార్కు తిరిగి వేశాం. గోడమీది పట్టిక తీసేశాం. వచ్చే శుక్రవారం ఆ పిల్లవాడి తాతను బడికి రమ్మన్నాం. నాగలి భాగాల పేర్లు మాలో ఇద్దరికే తెలుసు, అవీ సగమే.