సింహాదివర్గము: పఠనమునుండి వర్ణనమునకు

బాలురకు అమరకోశమును కంఠస్థము చేయించుట మన పాఠశాలలయందు చిరకాలముగ వచ్చుచున్న సంప్రదాయము. పదజాలము నాలుకపై నిలుచుటకు దానికి సాటియైన సాధనము మఱియొకటి లేదు. ఈ వ్యాసము ఆ సంప్రదాయమును కాదనుటకు వ్రాసినది కాదు. అది సగములో ఆగిపోవుచున్నదనియు, మిగిలిన సగమును పూరించు ఉపాయము మన శాస్త్రములయందే కలదనియు, ఆ ఉపాయము బాలురకు ఆటరూపమున అందవలెననియు విజ్ఞులకు నివేదించుటయే దీని ఉద్దేశము.

సింహాదివర్గమును తడబడక అప్పగించు బాలుని నెమలినిగూర్చి నాలుగు వాక్యములు చెప్పుమని అడిగి చూడుడు. మయూరము, బర్హి, నీలకంఠము, శిఖి, కేకి అని పేర్లు వరుసగ వచ్చును. దాని మెడ ఏ వన్నె, పురి ఎక్కడినుండి మొలచును, ఆడునెమలికి అది కలదా, నేలపై ఎట్లు నడచును అని అడిగినచో బదులు రాదు. నేటి బడులలో పటము చూపి ఒక్కొక్క జంతువునకు ఒక్కొక్క ఆంగ్లనామము పలికించుచున్నారు. అక్కడ పేరు ఒకటి, ఇక్కడ పేర్లు పది. లోపము మాత్రము సమానమే. పేరు వచ్చినది, వస్తువు రాలేదు.

అమరసింహుడు చెప్పిన నామములలో పెక్కు వర్ణనలే. పాతాళభోగివర్గమున పామునకు చెప్పిన పేర్లను గమనింపుడు. ఉరగము ఱొమ్ముతో ప్రాకునది. జిహ్మగము వంకరగా పోవునది. బిలేశయము కలుగులో పరుండునది. దర్వీకరము గరిటెవంటి పడగ గలది. దీర్ఘపృష్ఠము పొడవైన వీపు గలది. గూఢపాత్తు కాళ్లు కానరానిది. ఈ పేర్లను విప్పి వరుసగా తెలుగులో చెప్పినచో పామునుగూర్చి ఒక చిన్న వ్యాసమే సిద్ధమగును. అట్లే ఏనుగు తొండముతోను నోటితోను త్రాగుటచేత ద్విపము, కోతి దుమికి పోవుటచేత ప్లవంగము, ముడుతల మొగము గలదగుటచేత వలీముఖము, పిల్లి మొగము తుడుచుకొనుటచేత మార్జాలము. వ్యుత్పత్తి చెప్పక పేరు మాత్రము వల్లెవేయించుట గింజను విడిచి పొట్టును కొలుచుట వంటిది.

కావున మొదటి ఆట పేరు విప్పుట. ఉపాధ్యాయుడు వ్యుత్పత్త్యర్థమును మాత్రము చెప్పును; బాలుడు జంతువును చెప్పి, ఆ పేరును అమరమునుండి వెదకి పలుకును. కొంత ముదిరిన పిల్లలకు దీనినే మఱియొక మెట్టు ఎక్కింపవచ్చును. పామునకు పవనాశనము, చక్షుశ్శ్రవము అను పేర్లును కలవు. పాము గాలి భుజించి బ్రదుకదు. కప్పను, ఎలుకను మ్రింగును. దానికి వెలుపలి చెవి కానరాదు గాని లోపలి చెవి కలదనియు, నేల యదురును దవుడయెముకలద్వారా గ్రహించుననియు నేటి జంతుశాస్త్రము చెప్పుచున్నది. ఏ పేరు కంటితో చూచి పెట్టినది, ఏ పేరు లోకవిశ్వాసమునుబట్టి వచ్చినది అని పిల్లలచేతనే విడదీయింపవలెను. పూర్వులయెడ గౌరవము దీనిచే తగ్గదు. చూచినదానిని చూచినట్లు చెప్పు అలవాటు మాత్రము పెరుగును.

రెండవది ఇల్లు చెప్పుట. అమరకోశమున జంతువులు ఒకచోట లేవు. సింహము, కోతి, లేడి మున్నగునవి సింహాదివర్గమున ఉండగా, ఏనుగును గుఱ్ఱమును సేనాంగములగుటచేత క్షత్రియవర్గమున, ఆవు, మేక, గొఱ్ఱె, ఒంటె, గాడిద వైశ్యవర్గమున, కుక్క వేటగానితోపాటు శూద్రవర్గమున, చేప, కప్ప, తాబేలు వారివర్గమున కనబడును. అనగా కోశకారుడు జంతువును దాని బ్రదుకుతెరువునుబట్టియు, మనుష్యునితో దానికి గల సంబంధమునుబట్టియు కూర్చినాడు. పటములను కుప్పగా పోసి, ఏది ఏ యింటిదో పిల్లలచేత వేఱుపఱపింపవలెను. మహిషము ఆవుతో చేరక సింహాదివర్గమున ఏల ఉన్నదని ఒక బాలుడు అడిగినచో అడవిదున్న ప్రసంగమునకు అదియే అవకాశము. ప్రశ్న పుట్టించుటయే ఈ యాట ఫలము.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. తర్కసంగ్రహమున ఉపమానమునకు చెప్పిన ఉదాహరణము మనమందఱము ఎఱిగినదే. గవయమును ఎన్నడును చూడనివాడు, అది ఆవును పోలియుండునని అరణ్యవాసివలన విని, అడవికి పోయి, ఆ పోలికను చూచి, గవయము ఇదియేయని గ్రహించును. ఒకడు వర్ణించుట, వేఱొకడు ఆ వర్ణనచేత గుర్తించుట. దీనిని బాలక్రీడగా మార్చుటకు కష్టమేమియు లేదు. ఒక బాలుడు పటమును తానొక్కడే చూచి, పేరు చెప్పక, ఒక్కొక్క వాక్యముగ వర్ణించును. తక్కినవారు గుర్తింపవలెను.

ఆ వర్ణనలో తప్పొప్పులు నిర్ణయించు ధర్మాసనము కూడ సిద్ధముగనే కలదు. అన్నంభట్టు తన దీపికయందు లక్షణదోషములను మూడింటిని ఆవును పట్టుకొనియే చెప్పినాడు. బాలుడు "దీనికి కొమ్ములున్నవి" అనును. గేదెకును ఉన్నవని ఒకడు లేచును, అది అతివ్యాప్తి. "ఇది కపిలవర్ణము గలది" అనును. తెల్లయావు ఆవు కాదా యని మఱియొకడు అడుగును, అది అవ్యాప్తి. "దీని డెక్క చీలియుండదు" అన్నచో అందఱును నవ్వుదురు, అది అసంభవము. చివరకు మెడక్రింద వ్రేలాడు గంగడోలు దగ్గఱకు తామే వచ్చెదరు. తర్కము చదువ మొదలిడిన విద్యార్థికి నెలలు పట్టు విషయము ఎనిమిదేండ్ల పిల్లలకు ఒక మధ్యాహ్నమున అనుభవమునకు వచ్చును. పారిభాషికపదములు తరువాత నేర్చుకొందురు గాక.

వర్ణనకు క్రమము కావలెనన్నచో దండి కలడు. కావ్యాదర్శమున అర్థాలంకారములలో ఆయన మొదట చెప్పినది స్వభావోక్తి. దానిని జాతి, క్రియ, గుణము, ద్రవ్యము అను నాలుగింటినిబట్టి విభజించి, జాతికి చిలుకలను, క్రియకు పావురమును ఉదాహరించినాడు. ఈ నాలుగే బాలునకు నాలుగు ప్రశ్నలగును. ఇది ఏ జాతిది? ఏమి చేయును? ఎట్లుండును? ఈ జాతిలో నీవు ఎఱిగిన ఒక్కదానిని చెప్పుము, తక్కినవానికంటె అది ఎట్లు వేఱు? నాలుగవ ప్రశ్నకు పుస్తకములో సమాధానము దొరకదు. తన వీథిలో తిరుగు కుక్కను, పాలవారి యింటి గేదెను బాలుడు చూచి రావలెను. నక్క జిత్తులమారి, గాడిద తెలివిలేనిది అను మాటలు నీతికథలలో తగినవే. ఈ యాటలో వానికి చోటులేదు. చూచినది చెప్పవలెను.

ఈ క్రీడలు సంస్కృతమునకే పరిమితము కారాదు. ఏనుగు ఘీంకరించును, గుఱ్ఱము సకిలించును, గాడిద ఓండ్రపెట్టును, పులి గాండ్రించును, ఎద్దు ఱంకెవేయును, నక్క ఊళపెట్టును. నేటి పిల్లలకు ఇవన్నియు "అరచుట" అను ఒక్క మాటలో అణగిపోవుచున్నవి. ఆవుది పేడ, గుఱ్ఱముది లద్ది, మేకది పెంటిక అను భేదము పల్లెటూరి బాలురకు ఒకప్పుడు ఎవరును నేర్పనక్కఱలేకుండెను. మాటయొకటి పోయినచో దానితో చూపొకటి పోవును. బృంహితము, హేష, కేక అను సంస్కృతపదములను ఈ తెలుగు క్రియలతో జతపఱపించినచో రెండుభాషలును ఒకదానికొకటి ఊతమగును.

ఆటలవలన ధారణ సడలునని కొందఱు పెద్దల ఆక్షేపము. ధారణ లేనిచో పైయాటలలో ఒక్కటియు సాగదు. పేరు నోట లేనివాడు మొదటి యాటలోనే ఓడిపోవును. కావున క్రీడ పఠనమునకు ప్రయోజనమును చూపును, వల్లెవేయవలెనను కోరికను పుట్టించును. కాలము చాలదని మఱికొందఱందురు. వారమునకు రెండు గడియలు చాలును. సాధనములకు వ్యయమును లేదు; అట్టముక్కలు, బొమ్మలు గీయగల ఒక విద్యార్థి ఉన్నచో సరిపోవును.

2020 నాటి జాతీయ విద్యావిధానము తొలితరగతులలో క్రీడాద్వారమున బోధింపవలెననియు, సాధ్యమైనంతవఱకు ఐదవ తరగతిదాక మాతృభాషయందు బోధన సాగవలెననియు చెప్పినది. అది ఆచరణకు రావలెనన్నచో ఆటలు ఎవరో సమకూర్పవలెను. ఇతరభాషలనుండి అనువదించిన ఆటలే మన పిల్లలకు గతియగునా? లేక అమరమును, తర్కమును, అలంకారమును చదివినవారు పూనుకొందురా? ప్రాచ్యకళాశాలలలో చదివినవారు పెక్కుమంది భాషాపండితులుగ బడులకు పోవుచున్నారు. వారికి లక్షణదోషములు పరీక్షకొఱకు తెలియును. వానిని పిల్లలముందు ఎట్లు ఆడింపవచ్చునో ఎవరును చెప్పలేదు. ప్రతి కళాశాలయందును తుదిసంవత్సరపు విద్యార్థులచేత ఒక్కొక్క వర్గమునకు ఒక్కొక్క క్రీడాసంపుటిని సిద్ధము చేయించి, సమీపపు ప్రాథమిక పాఠశాలలో ఒక మాసము ఆడించి, పిల్లల వర్ణనలను ముందును పిదపను వ్రాసియుంచినచో, అది ఈ పత్రికకు తగిన పరిశోధనమే యగును.

మన తరగతులలో విద్యార్థులు తగ్గుచున్నారని ప్రతి సమావేశమునను విచారించుచున్నాము. పదునైదేండ్లవయస్సున మనవద్దకు రావలసినవాడు ఎనిమిదేండ్లవయస్సున ఈ భాషను ఏ రూపమున చూచినాడో కూడ విచారింపవలెను. నిర్జీవమైన పట్టికగా చూచినవాడు రాడు. పేరు విప్పి జంతువును బయటికి రప్పించిన సంతోషమును ఒక్కమారు ఎఱిగినవాడు, తక్కిన పేర్లలో ఏమున్నదో చూచుటకు తానే వచ్చును.