కెర్నల్‌లోకి ఎవరిని రానిస్తున్నాం?

2024 జులై 19, శుక్రవారం. శంషాబాద్ విమానాశ్రయంలో ఇండిగో సిబ్బంది బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్లే ఒక ప్రయాణికుడికి ఇచ్చిన చేతిరాత పాసు ఫొటో ఆ రోజు ప్రపంచమంతా తిరిగింది. చూసినవాళ్లు వింతగా చెప్పుకున్నారు, రెండు రోజులకు మరిచిపోయారు. ఆ కాగితం వెనకున్న అసలు సంగతి మీద మన దగ్గర జరగాల్సినంత చర్చ జరగలేదన్నది నా బాధ.

నేనుండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. డల్లాస్‌ను ఆనుకుని ఉన్న ఊరు. డల్లాస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో కొంత భాగం ఈ ఊరి హద్దుల్లోనే ఉంటుంది. లాస్ కొలీనాస్ ప్రాంతంలో మైక్రోసాఫ్ట్ ఆఫీసు ఉంది. మెకెసన్, క్యాటర్‌పిల్లర్, సెవెన్-ఎలెవెన్ లాంటి సంస్థల ప్రధాన కార్యాలయాలూ ఈ ఊళ్లోనే. వ్యాలీ రాంచ్‌లో సాయంత్రం నాలుగడుగులు వేస్తే తెలుగు వినిపించకుండా ఇంటికి చేరలేం. మనవాళ్లలో చాలామంది అప్లికేషన్లు రాస్తారు. మరికొందరం కంపెనీల కంప్యూటర్లు ఆగకుండా చూసుకుంటాం. నాది ఈ రెండో పని. ఒక వైద్య సంస్థ తరఫున ఊరూరా ఉన్న దాని క్లినిక్‌ల యంత్రాలు మా బృందం చేతిలో ఉంటాయి.

భారత కాలమానం ప్రకారం ఆ శుక్రవారం ఉదయం 9.39కి, అంటే మాకు గురువారం రాత్రి 11.09కి, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ తన సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. ఈ సంస్థ కేంద్రం మా రాష్ట్రంలోనే, ఆస్టిన్‌లో. 78 నిమిషాల్లో తప్పు గుర్తించి ఆ ఫైలును వెనక్కి తీసుకుంది. ఆలోపే దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెరతో కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ప్రపంచంలోని విండోస్ యంత్రాల్లో ఇవి ఒక్క శాతం కూడా కాదు. కానీ ఆ ఒక్క శాతం లోపలే విమానాశ్రయాల కౌంటర్లు, ఆసుపత్రులు, అత్యవసర ఫోన్ కేంద్రాలు ఉన్నాయి. అమెరికన్, యునైటెడ్, డెల్టా విమానాలు నేల మీదే నిలిచిపోయాయి. డెల్టా తేరుకోవడానికి రోజులు పట్టింది.

యంత్రాలు ఎందుకు ఆగాయో చాలామంది చెప్పారు. ఎందుకు లేవలేకపోయాయో తక్కువమంది చెప్పారు. పశ్చిమ టెక్సస్‌లోని ఒక చిన్న క్లినిక్ రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఆ ఉదయం నా ఫోన్ లైన్‌లో ఉంది. ఆమె యంత్రం ఆన్ అవుతుంది, నీలం తెర వస్తుంది, దానంతటదే మళ్లీ ఆన్ అవుతుంది, మళ్లీ నీలం తెర. నెట్‌వర్క్ అందుకునేంత దూరం కూడా రాదు, కాబట్టి ఇర్వింగ్‌లో కూర్చుని నేను దాన్ని ముట్టుకోలేను. సేఫ్ మోడ్‌లోకి వెళ్దామంటే డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంది. దాని రికవరీ కీలో 48 అంకెలుంటాయి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. నేను చదువుతుంటే ఆమె ఒక్కో గుంపు కొట్టి, మళ్లీ పైకి చదివి వినిపించేది. ప్రతి గుంపూ పదకొండుతో భాగించదగ్గ సంఖ్యే అయి ఉంటుంది. అందుకే ఒక్క అంకె తప్పు పడితే ఆ గుంపు దగ్గరే దొరుకుతుంది. ఆ ఏర్పాటు చేసిన ఇంజినీరు ఎవరో గానీ ఆ పూట మనసులో దండం పెట్టుకున్నాను. తర్వాత విండోస్ ఫోల్డర్, అందులో సిస్టమ్32, అందులో డ్రైవర్స్, అందులో క్రౌడ్‌స్ట్రైక్. పేరులో 291 ఉన్న ఫైలు వెతికి తీసేసి రీస్టార్ట్ చేస్తే యంత్రం లేచింది. రోగుల పేర్లు రాసుకోవాల్సిన మనిషి ఒక ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో చెయ్యి పెట్టి బాగుచేయాల్సి వచ్చింది. ఆమె వెనక కుర్చీల్లో జనం ఎదురుచూస్తున్నారు. ఇలా ప్రపంచమంతా ఒక్కో యంత్రం ముందు ఒక్కో మనిషి కూర్చోవాల్సి వచ్చింది.

ఇదెందుకు జరిగిందో అర్థం కావాలంటే కెర్నల్ అంటే ఏమిటో తెలియాలి. మా జగిత్యాల వైపు చెరువు నీళ్లు పొలాలకు వదిలే మనిషిని నీరటి అంటారు. తూము తెరిచేదీ మూసేదీ ఆయనే. ఎంత పెద్ద ఆసామి అయినా తూము మీద చెయ్యి వేయడు. కంప్యూటర్‌లో కెర్నల్‌ది ఆ నీరటి పనే. మెమరీ, ప్రాసెసర్ సమయం, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్క్ ఏది ఎవరికి ఎంతసేపో పంచేది అది. అయితే ప్రింటరో కెమెరానో తయారుచేసిన కంపెనీకి తప్ప దాని లోపలి భాష మిగతావాళ్లకు తెలియదు. అందుకే ఆ కంపెనీ డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ రాసిస్తుంది, చాలా డ్రైవర్లు కెర్నల్ లోపలే నడుస్తాయి. అంటే బయటి మనిషికి తూము అప్పగించినట్టు. అతను మంచివాడే కావచ్చు. చెయ్యి జారితే మునిగేది అతని మడి ఒక్కటే కాదు, ఆయకట్టు మొత్తం.

మామూలు ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంటే కెర్నల్ దాన్ని ఆపేస్తుంది. వర్డ్ మూతపడుతుంది, మిగతావి నడుస్తూనే ఉంటాయి. అదే తప్పు కెర్నల్ లోపల జరిగితే ఆపడానికి పైన ఎవరూ లేరు. డిస్కులోని సమాచారం కూడా పాడవకముందే యంత్రం తనను తాను నిలిపేసుకుంటుంది. నీలం తెర అర్థం అదే.

భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఏ పరికరంతోనూ పని లేదు. అయినా అది డ్రైవర్ రూపంలోనే కెర్నల్‌లోకి చేరింది. కారణం ఉంది. యంత్రం లేచేటప్పుడు అందరికంటే ముందు తాను లేవాలి, ప్రతి ప్రోగ్రామ్ మొదలవడాన్ని చూడాలి, దొంగ ప్రోగ్రామ్‌కు అడ్మిన్ హక్కులు దొరికినా తనను ఆపలేకపోవాలి. ఈ మూడూ కెర్నల్‌లో ఉంటేనే సులువు. ఇది న్యాయమైన అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ అందరికంటే ముందు లేచే డ్రైవర్ కూలితే యంత్రం లేవనే లేవదు. ఆ రోజు జరిగింది అదే.

తప్పు ఎంత చిన్నదో చూడండి. ఆగస్టులో క్రౌడ్‌స్ట్రైక్ సంస్థే ప్రచురించిన నివేదిక ప్రకారం, కొత్త ఫైలులోని నియమం 21వ విలువను చూడమంది. డ్రైవర్ చేతిలో ఉన్నవి 20 విలువలే. లేని 21వ దాని కోసం డ్రైవర్ తనది కాని మెమరీలోకి చెయ్యి చాచింది. ఈ లోపం ఫిబ్రవరి నుంచీ అందులోనే ఉంది. అంతకుముందు పంపిన నియమాలు 21వ విలువను పట్టించుకోనవసరం లేనట్టుగా ఉండడం వల్ల బయటపడలేదు, అంతే. ఎంత మంచి ప్రోగ్రామర్ అయినా ఇలాంటి తప్పు చేస్తాడు. నా అభ్యంతరం ఆ తప్పు మీద కాదు.

మైక్రోసాఫ్ట్ పరీక్షలు దాటి ధ్రువీకరణ ముద్ర పడ్డ డ్రైవర్ అది. ఆ డ్రైవర్ చదువుకునే ఫైళ్లకు మాత్రం ఆ పరీక్ష లేదు. రోజులో ఎన్నిసార్లయినా వస్తాయి, వచ్చిన వెంటనే కెర్నల్‌లోనే అమలవుతాయి. ముద్ర వేసింది ఒకదానికి, నడిచేది ఇంకొకటి. పైగా డ్రైవర్ కొత్త వెర్షన్‌ను ఒకటి రెండు అడుగులు వెనక ఉంచుకునే వీలు కొన్న సంస్థలకు ఉండేది. ఈ ఫైళ్ల విషయంలో అప్పట్లో ఆ వీలు లేదు. ముందు పది యంత్రాలకు పంపి, గంట ఆగి, తర్వాత మిగతావాటికి పంపే అలవాటు ఉండి ఉంటే శంషాబాద్‌లో పెన్ను తీయాల్సిన పని ఉండేది కాదు. ఆ సంస్థ తర్వాత అలా అంచెలంచెలుగా పంపుతామని చెప్పింది. సెప్టెంబరులో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం ముందు దాని ఉన్నతాధికారి క్షమాపణ కూడా చెప్పారు. మంచిదే. కానీ ఈ పాఠం కొత్తది కాదు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ విండోస్ ఎక్స్‌పీకి ప్రాణంలాంటి ఫైలును వైరస్ అనుకుని పట్టేసింది. అప్పుడూ లెక్కలేనన్ని యంత్రాలు ఆగాయి, అప్పుడూ మనుషులే ఒక్కొక్కటీ లేపారు. ఆనాడు మెకాఫీ సాంకేతిక విభాగం అధిపతి జార్జ్ కర్ట్జ్. 2024లో క్రౌడ్‌స్ట్రైక్ అధిపతి కూడా ఆయనే.

డ్రైవర్లను కెర్నల్ బయట ఉంచడం కుదరదనే మాట నేను ఒప్పుకోను. ఎక్స్‌పీ కాలంలో కూలిన యంత్రాల్లో 85 శాతానికి కారణం డ్రైవర్లేనని 2003లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ పత్రంలో పేర్కొన్నారు. ఆ తర్వాత విండోస్ విస్టాతో గ్రాఫిక్స్ డ్రైవర్‌లో పెద్ద భాగాన్ని బయటికి తెచ్చారు. ఇప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ మొరాయిస్తే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. చాలామంది చూసే ఉంటారు. అంతకుముందైతే అది నీలం తెరే. కెర్నల్‌లో నడిచే ప్రింటర్ డ్రైవర్లకూ అప్పుడే తలుపు మూశారు. యాపిల్ 2019లో మ్యాక్‌ఓఎస్ కాటలీనాతో భద్రతా సాఫ్ట్‌వేర్‌కు కెర్నల్ బయట నుంచే పనిచేసే దారి చూపించి, లోపలి దారిని ఇరుకు చేస్తూ వచ్చింది. లినక్స్‌లో ఈబీపీఎఫ్ అనే ఏర్పాటు ఉంది. కెర్నల్‌లో నడవాల్సిన చిన్న ప్రోగ్రామ్‌ను ముందే చదివి, తనది కాని మెమరీని ముట్టుకునే వీలుందనిపిస్తే లోపలికే రానివ్వదు. మైక్రోసాఫ్ట్ కూడా ఇప్పుడు కదిలింది. 2024 సెప్టెంబరులో రెడ్‌మండ్‌లో భద్రతా సంస్థలను కూర్చోబెట్టింది. కెర్నల్ బయట నుంచి పనిచేసే కొత్త వేదికను 2025లో కొన్ని సంస్థల చేతికి ఇచ్చి చూడడం మొదలుపెట్టింది.

ఇన్నేళ్లు ఎందుకు ఆగిందంటే మైక్రోసాఫ్ట్ ప్రతినిధి యూరప్ వైపు వేలు చూపించారు. తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఎంత దారి ఉందో పోటీదారులకూ అంతే ఇస్తామని 2009లో యూరోపియన్ కమిషన్‌కు ఆ సంస్థ మాటిచ్చింది నిజమే. కానీ ఆ మాటలో బయటివాళ్లను కెర్నల్‌లోకి రానివ్వాలని ఎక్కడా లేదు. తన సొంత భద్రతా సాఫ్ట్‌వేర్ డిఫెండర్‌ను కూడా అందరితోపాటు బయట నిలబెడితే ఆ మాట నిలబడుతుంది, యంత్రమూ నిలబడుతుంది. పోటీదారుల భయంలోనూ న్యాయముంది. తూము యజమానే ఆసామి కూడా అయితే మిగతావాళ్లకు అనుమానం రాక మానదు. కాబట్టి నా తీర్పు ఇదే: బయటికి వెళ్తే అందరూ వెళ్లాలి, మైక్రోసాఫ్ట్‌తో సహా.

యంత్రాలు కూలిన ఆ రోజు మన కేంద్ర మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రభుత్వ ఎన్‌ఐసీ నెట్‌వర్క్‌కు ఏమీ కాలేదన్నారు. పది బ్యాంకులు, ఫైనాన్స్ సంస్థలకే చిన్నపాటి అంతరాయం కలిగిందని, క్రౌడ్‌స్ట్రైక్ సాధనం వాడేవి కొన్నే అని ఆర్‌బీఐ చెప్పింది. దాన్ని మన జాగ్రత్త అనుకోవద్దు. ఆ ఒక్క సంస్థ సరుకు మన దగ్గర తక్కువగా ఉంది, అంతే. వేరే పేరుతో అదే రకం డ్రైవర్ మన జిల్లా ఆసుపత్రిలోనో, సహకార బ్యాంకులోనో, మీసేవ కేంద్రంలోనో ఈపాటికే కెర్నల్‌లో కూర్చుని ఉండవచ్చు. ఉందో లేదో అక్కడి అధికారిని అడిగితే చెప్పగలరా? టెండరులో ధర, లైసెన్సుల సంఖ్య, వారంటీ ఉంటాయి. కెర్నల్ ఊసే ఉండదు.

జవాబు చెప్పినా దాన్ని తూచే మనిషి కావాలి. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక సెమిస్టర్ పరీక్షగా మిగిలిపోయింది. కూలిన యంత్రం వదిలిన డంప్ ఫైలు తెరిచి ఏ డ్రైవర్ ఏ మెమరీని ముట్టుకుందో చదవగలిగిన పిల్లలు ఇంటర్వ్యూలకు అరుదుగా వస్తారు. ఒక చిన్న లినక్స్ డ్రైవర్ రాయించి, దాన్ని కావాలనే కూలగొట్టించి, ఎందుకు కూలిందో చెప్పించే ల్యాబ్‌కు పెద్ద ఖర్చేమీ ఉండదు. పాత కంప్యూటర్లు చాలు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాల ఐటీ శాఖలకు, మన ఆసుపత్రులు, బ్యాంకులు, ఆర్టీసీల్లో కంప్యూటర్లు కొనే అధికారులకు నా విన్నపం. తర్వాతి టెండరులో ఈ ప్రశ్నలు రాయండి. మీ సాఫ్ట్‌వేర్ కెర్నల్‌లోకి వెళ్తుందా? వెళ్తే ఏ పనికి, బయట నుంచి ఆ పని ఎందుకు కుదరదు? మీరు పంపే ప్రతి ఫైలునూ, ఎంత చిన్నదైనా, ముందు మా పది యంత్రాల మీద చూసుకునే హక్కు మాకుందా? యంత్రం లేవకపోతే నెట్‌వర్క్ లేకుండా దాన్ని లేపే పద్ధతి ఏది, రికవరీ కీలు ఎక్కడున్నాయి, అర్ధరాత్రి వాటిని చదివి వినిపించే మనిషి ఎవరు? వీటికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వని కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టకండి.