ఊపిరితిత్తుల క్యాన్సర్: రోజుల లెక్క ఎవరి వద్ద ఉన్నది?

ప్రభుత్వ కార్యాలయానికి వచ్చిన ప్రతి అర్జీకి ఒక ఇన్‌వర్డు నంబరు, ఒక తేదీ ఉంటాయి. అది ఏ బల్లపై ఎన్ని రోజులు ఆగినదో రిజిస్టరు చెబుతుంది. ఊపిరితిత్తిపై మచ్చ ఉన్నదని ఎక్స్‌రేలో తేలిన రోగి ఎన్ని రోజులు ఆగినాడో చెప్పే లెక్క మాత్రం మన రాష్ట్రాలలో ప్రజల కంటికి కానరాదు.

ఈ వ్యాధిలో కాలమే ప్రాణం. తొలి దశలో గడ్డను శస్త్రచికిత్సతో తొలగించే అవకాశం ఉంటుంది. ఇతర అవయవాలకు పాకిన తరువాత ఆ దారి చాలావరకు మూసుకుపోతుంది.

మన దేశంలో ఆలస్యానికి ఒక ముఖ్య కారణం క్షయతో పోలిక. విడువని దగ్గు, కఫంలో నెత్తురు, బరువు తగ్గడం రెండింటిలోనూ కనిపిస్తాయి. క్షయ విస్తారంగా ఉన్న దేశంలో వైద్యుని అనుమానం ముందు దానిపైకి పోవడం సహజమే. కాని కఫ పరీక్షలో క్షయ క్రిమి కనబడకున్నా, మందులకు గుణం లేకున్నా, 6 నెలల కోర్సునే కొనసాగించడం వలన రోగులు విలువైన నెలలు పోగొట్టుకొంటున్నారు.

ఆ తరువాత సీటీ స్కాన్, బయాప్సీ, దాని రిపోర్టు, పెట్ స్కాన్, చివరకు ఆపరేషన్ తేదీ. మెట్టు మెట్టుకూ నిరీక్షణే. ఆదిలాబాదు నుండి సుమారు 300 కిలోమీటర్లు ప్రయాణించి హైదరాబాదు చేరి, వచ్చే వారం రమ్మనిపించుకొన్న హమాలీ ఆ వారపు కూలిని, దారి ఖర్చును కూడ పోగొట్టుకొంటాడు. ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ ఆదుకొనవచ్చును. జబ్బు పేరు తేలకముందు బయట చేయించుకొన్న పరీక్షలకు అప్పే దిక్కు. మన బస్తీలలోని లారీ డ్రైవర్లు, మెకానిక్కులు, దినకూలీలు నిలబడేది ఈ వరుసలోనే.

ఇంగ్లండులో క్యాన్సర్ అనుమానంతో అత్యవసరంగా పంపిన రోగికి వ్యాధి ఉన్నదో లేదో 28 రోజులలో చెప్పాలని, 62 రోజులలో తొలి చికిత్స మొదలుపెట్టాలని గడువులు ఉన్నాయి. అక్కడ కూడ అవి ఎందరి విషయంలోనో తప్పుతున్నాయి. కాని ఎందరికి తప్పినదో ప్రతి నెలా ప్రకటిస్తారు. లెక్క ఉన్నచోటనే నిలదీయుటకు వీలు కలుగుతుంది.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము కోరేది ఇది. అనుమానం కలిగిన నాటి తేదీని నమోదు చేయవలెను. వ్యాధి నిర్ధారణకు, ఆపరేషన్‌కు గడువులు విధించవలెను. ఆసుపత్రులవారీగా నిరీక్షణ దినాలను ప్రకటించవలెను. నిర్ధారణకు ముందటి పరీక్షల భారం రోగిపై పడకుండ చూడవలెను.

పాఠకులకు కూడ ఒక మనవి. క్షయ మందులు వాడుతున్నవారు వాటిని తమంతట తాము మానరాదు. గుణం కనిపించకుంటే ఆ సంగతి వైద్యునికి చెప్పి, సీటీ స్కాన్ అవసరమా అని అడగవలెను. మన సేవా సంఘాలు చదువురాని రోగి వెంట ఒకరిని పంపి, ప్రతి కాగితంపై తేదీ వేయించవలెను.