సర్కమ్‌లొక్యూషన్
‘చుట్టు’ అను అర్థముగల లాటిన్ పదమునకు ‘పలుకుట’ చేరి ఏర్పడిన సర్కమ్‌లొక్యూషన్ అను ఆంగ్లపదమునకు మన డొంకతిరుగుడు మాట చక్కగా సరిపోవును. 1855-57 నడుమ భాగములుగా వెలువడిన ‘లిటిల్ డోరిట్’ నవలలో చార్లెస్ డికెన్స్ ఈ పేరుతో ఒక ప్రభుత్వ కార్యాలయమునే కల్పించి, క్రిమియా యుద్ధమున సైనికులకు అన్నవస్త్రములైనను సకాలమున అందింపజాలని పాలనపై ఆగ్రహించియున్న ప్రజలకు, ఏ పనియు జరుగనీయకుండుటయే పరమవిద్యగా అభ్యసించిన అధికారుల స్వరూపమును చూపెను. మరణవార్తను మెల్లమెల్లగా తెలుపు బంధువు చుట్టుమాటను నేను తప్పుపట్టను, అది దయ. కాని పింఛనుకై అర్జీ పెట్టుకొన్న వృద్ధురాలికి ‘తమ విన్నపము పరిశీలనలో నున్నది’ అని నెలల తరబడి వ్రాయుట క్రౌర్యము. మంజూరైనదో, తిరస్కరింపబడినదో, ఏ పత్రము కొరతయో, ఎవరు ఏ తేదీలోగా తేల్చుదురో ప్రతి జవాబునందును స్పష్టముగా వ్రాయవలెనని ప్రభుత్వము నియమింపవలెను.